పడవా బండీ నడవని కాలం

మొన్నామధ్య మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. తన ఆఫీసులో పనిచేసే ఉత్తరాది స్నేహితులు కొందరు మన పులికాట్ సరస్సు చూడటానికి రావాలనుకుంటున్నారనీ, ఏ నెలల్లో వస్తే ఎండా వానా బాధ లేకుండా హాయిగా తిరిగిపోవచ్చో నన్ను అడిగి కనుక్కోమన్నారనీ చెప్పింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుందని వాళ్ళ ఫోన్లలోనే రాసి ఉందట. అయినా అక్కడ కాపురం చేసిన ముసలామెను అడిగితే ఇంకా సరిగ్గా తెలుస్తుందని వాళ్ళ ఆశ. నేను రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాను. ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదని అది చెబుతూనే ఉంటుంది కానీ, ఖర్చు లేదని నోరు పారేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. పెట్టేశాక మాత్రం, దీపానికి వత్తులు చేసుకుంటూ కూర్చున్నదాన్ని, ఒక్క వత్తి కూడా సరిగ్గా చేయలేకపోయాను. ఏ కాలంలో వస్తే బాగుంటుందని అడిగేవాళ్ళు మా రోజుల్లో లేరు. ఏ కాలంలో రాగలం, వస్తే ఏ కాలంలో తిరిగి పోగలం, అని అడిగేవారు.

నాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరిపొలాల మధ్య ఒక పల్లె. నాలుగో తరగతి కాగానే, ఆడపిల్లకు ఉత్తరం రాయడం వస్తే చాలని నాయన బడి మాన్పించాడు. నన్నిచ్చింది మాత్రం దూరపు బంధుత్వాన్ని పట్టుకొని, సరస్సు నడుమ ఉండే ఒక దిబ్బ మీది ఊరికి. పుస్తకాల్లో పులికాట్ సరస్సు అని రాస్తారు గానీ, మా అత్తగారి ఊళ్ళో దాన్ని వట్టిగా ‘నీళ్ళు’ అనేవారు. నీళ్ళు ఎక్కినాయి, నీళ్ళు పోయినాయి, నీళ్ళ మీద ఉన్నాడు, ఇంతే. పడమటి గట్టుకు పోతేనే రైలు, బస్సు, డాక్టరు, గుడ్డల కొట్టు. మా మామకు ఒక పడవా, ఒక ఎద్దుల బండీ ఉండేవి. రెండూ కలిసి ఒకే దోవన తిరిగేవంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. వానలు పడి నీళ్ళు నిండితే పడవ, వేసవికి నీళ్ళు ఇంకిపోయి అడుగు గట్టిపడితే అదే దారిన బండి. కార్తీకంలో పడవలో కూర్చొని చేత్తో నీళ్ళు తాకుతూ పోయిన చోటే, వైశాఖంలో ఎద్దుల గిట్టల కింద గవ్వలు పటపటమని పగిలేవి.

మన తీరంలో వానాకాలం అందరికంటే ఆలస్యంగా వస్తుందన్న సంగతి నెల్లూరు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. దేశమంతా ఆషాఢంలో తడుస్తుంటే మనకు ఉత్త మబ్బులు, ఉక్క, పడమటి గాలికి కళ్ళల్లో దుమ్ము. ఆశ్వయుజం దాటాక, మిగతా దేశం గొడుగులు మడిచి అటక మీద పెట్టుకున్నాక, అప్పుడు సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే వారాల తరబడి పొయ్యిలో పుల్ల అంటుకోదు. అందుకే మా అత్త వేసవి నుంచే తాటి కమ్మలూ సరుగుడు పుల్లలూ ఏరి, వంటింటి చూరు కింద పేర్చి, వాటికి ఎవరైనా చెయ్యి పెడితే పుల్ల పుల్లా లెక్క పెట్టుకున్నట్టు కనిపెట్టేది. ఆ పిసినారితనం చూసి కొత్తలో నేను లోలోపల నవ్వుకున్నాను. మొదటి తుఫాను తరువాత నవ్వడం మానేశాను. మార్గశిరం వచ్చేసరికి నీళ్ళు నిండుగా, ఆకాశం కడిగినట్టు, తెల్లవారుజామున మంచులో అవతలి గట్టు కనపడకుండా ఉండేది. ఇప్పుడు ఫ్లెమింగోలని జనం కార్లేసుకొని వచ్చి చూసే పక్షులు అప్పుడే దిగేవి. మాకు అవి వట్టి కొంగలు. అవి ఎక్కడ బారులు తీరి నిలబడితే అక్కడ నీళ్ళు మోకాలి లోతని మామ పడవను పక్కకు తిప్పేవాడు, అంతే వాటితో మాకున్న పని.

ఇక నేను చెప్పబోయేది ఏ ఫోనులోనూ రాసి ఉండని కాలం. శివరాత్రి పోయాక నీళ్ళు రోజురోజుకూ తగ్గుతాయి. పడవ అడుగు నేలకు తగులుతుంది. సరే బండి కడదామంటే అడుగంతా జిగట బురద, ఎద్దు కడుపు దాకా దిగిపోతుంది. పడవా నడవదు, బండీ నడవదు. మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి తొడల లోతు బురదలో పడుతూ లేస్తూ దాటేవారు గానీ, ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆ నెలా నెలన్నర దిబ్బే లోకం. ఆ కాలంలో మా ఊళ్ళో పెళ్ళిళ్ళు పెట్టుకునేవారు కారు, చుట్టాలను రమ్మని కబురు చేసేవారు కారు. ఎవరైనా తెలియక వచ్చి చిక్కుకుంటే, మళ్ళీ నేల గట్టిపడేదాకా వాళ్ళు ఆ ఇంటి మనుషులే.

అలా చిక్కుకున్నది మా అమ్మ.

పెళ్ళైన రెండో ఏడు నాకు నెల తప్పింది. తొలిచూలు పుట్టింటిలోనే అని అందరికీ తెలిసిన మాటే; ఏడో నెలలో గానీ తొమ్మిదో నెలలో గానీ తీసుకుపోవాలి, ఎనిమిదో నెలలో నీళ్ళు దాటించకూడదు, ఇదీ తెలిసిందే. శివరాత్రికి ముందే వచ్చి తీసుకుపొమ్మని మామ కబురు పంపించాడు. మా అమ్మ కళ్ళం పని తెమలకుండా కదలనని చెప్పింది. పొలాల్లో పుట్టి పొలాల్లో మెట్టిన మనిషి ఆమె. కాలవ కట్టేసి, కోతలైపోయి, మళ్ళు ఎండితేనే బండ్లు అడ్డదారిన హాయిగా పోతాయి. నీళ్ళు ఎంత తగ్గితే ప్రయాణం అంత సులువు. ఆమెకు తెలిసిన లోకమంతా అదే చెప్పింది. ధాన్యం ఇంటికి చేర్చి, చలిమిడి కలుపుకొని, నీళ్ళు బాగా తగ్గేదాకా ఆగి మరీ, ఫాల్గుణ మాసం చివర్లో నాయనను తోడు తీసుకొని పడమటి గట్టుకు వచ్చింది.

ఆమె వచ్చిందని గట్టు మీది మనిషి ఒకడు బురదలో నడిచి వచ్చి చెప్పినప్పుడు మామ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అయినా ఒక ఉపాయం ఉండేది. ఆ రోజుల్లో మధ్యాహ్నం తిరిగాక దక్షిణం గాలి గట్టిగా వీస్తే, సరస్సులో ఉన్న కొద్దిపాటి నీళ్ళూ ఆ గాలికి మా పాయలోకి తోసుకొచ్చేవి. జానెడు నీళ్ళే, అదీ గాలి ఉన్నంతసేపే. మామా, మా ఆయనా ఖాళీ పడవను తోసుకుంటూ పోయి, గాలి కోసం కాచుకొని, అమ్మను ఎక్కించుకొని గెడలు వేశారు. మర్నాడు ఇదే గాలికి తల్లినీ కూతురినీ తెచ్చి దించుతామని చెబితే నాయన నమ్మి, ఆ రాత్రికి గట్టు మీది ఊళ్ళో పడుకున్నాడు. కానీ పడవ మా ఒడ్డుకు పిలుపు దూరంలో ఉండగానే గాలి పడిపోయింది. కింద నీళ్ళు తీసేసినట్టు పోయినాయి. పడవ బురదలో కూర్చుండిపోయింది. మా అమ్మ పట్టుచీర మోకాళ్ళ పైకి ఎత్తుకొని, చలిమిడి డబ్బా నెత్తిన పెట్టుకొని, మా ఆయన చెయ్యి పట్టుకొని నడిచి వచ్చింది. ఒడ్డున నిలబడి చూస్తున్న మా అత్త ఊరుకుంటుందా.

“అందరూ కాళ్ళకు పసుపు రాసుకొని వియ్యాలింటికి వస్తారు, నువ్వు నడుం దాకా రాసుకొని వచ్చినావే వదినా” అన్నది.

“మీ ఊరి పసుపు నల్లగా ఉండాది వదినా, మాకు తెలీదు” అన్నది మా అమ్మ. ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వులో రెండు వైపులా ముళ్ళు ఉన్నాయి.

మర్నాడు గాలి వీచింది గానీ పడవ లేవలేదు. ఆ మర్నాడు వీచింది గానీ నీళ్ళు పడవ దాకా రాలేదు. మామ బురదలో గెడ దించి చూసి, ఇంక వైశాఖంలో బండే అని చెప్పేశాడు. మా ఆయన నడిచి పోయి, గట్టు మీద కాచుకొని ఉన్న నాయనకు సంగతి చెప్పి, ఇంటికి పంపించి వచ్చాడు. నాకు ఎనిమిదో నెల వచ్చింది.

ఇప్పుడు వినడానికి ఇది ఏమంత కష్టంగా తోచదు. తల్లి కూతురి దగ్గరే ఉంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కష్టమంతా ఒక ఆచారంలో ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లి అల్లుడింట అన్నం తినకూడదు. మా వైపు దీన్ని గట్టిగా పట్టేవారు. మా అమ్మమ్మ కూడా తొలిచూలుగా మా అన్న పుట్టేదాకా అమ్మ ఇంట్లో మెతుకు ముట్టలేదట. అందుకని అమ్మ మా పెరట్లో తాటిచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టుకొని, దారికోసం మూటగట్టుకొచ్చిన బియ్యంతో గంజి కాచుకొని, ఇసుకలో తవ్విన చెలమ నీళ్ళు తాగేది. చెలమ ఎవరిదీ కాదని ఆమె లెక్క. వరికుప్పల మధ్య పుట్టిన మనిషి, పిడికెడు బియ్యం కొలుచుకొని వండుకోవడం చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. మా అత్తకేమో అది తన ఇంటి గడపను అంటరానిది చేసినట్టుగా ఉండేది. పాత్రలన్నీ చప్పుడు చేస్తూ కడిగేది.

బియ్యం అయిపోయాయి. నాకోసం తెచ్చిన చలిమిడి, అటుకులు ఆమె ముట్టదు. సోమవారం ఒక్కపొద్దు అన్నది. మంగళవారం కడుపులో బాగాలేదన్నది. బుధవారం నేను కంచం ముందు కూర్చొని, పెరట్లో గోడకానుకొని కూర్చున్న అమ్మను చూస్తూ, ఒక్క ముద్దయినా నోట పెట్టుకోకుండా లేచాను. మా అత్త నా కంచం వైపు చూసింది, పెరటి వైపు చూసింది, కొంగు బిగించి బయటికి పోయింది. నేను తలుపు వెనక నిలబడ్డాను.

“సోమవారం శివుడికి ఒక్కపొద్దున్నావు సరే. మంగళవారం, బుధవారం ఏ దేవుడికి వదినా?”

“ఆకలి కావడంలా వదినా.”

“నీకు కావడంలా. నీ మొహం చూసి నీ కూతురికీ కావడంలా. దాని కడుపులో ఉండేది మా ఇంటి బిడ్డ. నువ్వు పస్తుంటే వాడు పస్తున్నట్టే. ఈ ఊళ్ళో మంత్రసానికి కళ్ళు కనపడవు, నీళ్ళు దాటించే దోవ లేదు, నీ కూతురు ఇట్నే ఎండుకుపోతే రేపు నేను ఎవరికి చెప్పుకునేది?”

 అమ్మ తల వంచుకొని, “ఆచారం తప్పితే బిడ్డకు కీడని భయం వదినా. దానికోసమే గదా ఇదంతా” అన్నది. 

 మా అత్త లోపలికి వచ్చి, అన్నం కుండా, చేపల పులుసు చట్టీ బుట్టలో పెట్టి నెత్తికెత్తుకున్నది. వీధి గుమ్మం దాటి నేరుగా ఒడ్డుకు పోయి, బురదలోకి దిగి, ఆ కూర్చుండిపోయిన పడవ దగ్గరికి నడిచి, బుట్ట అందులో పెట్టింది. అక్కడి నుంచి, వెనకే ఒడ్డు దాకా వచ్చిన మా ఇద్దరి వైపూ తిరిగి కేక వేసింది.

“రా వదినా. ఇది మా ఇల్లు కాదు. పడవ. ఎక్కినోళ్ళందరిదీ.”

అమ్మ ఒడ్డున నిలబడి ఆలోచించింది. “మీ ఊరే గదా వదినా అది కూడా?” అన్నది.

“ఊరు ఒడ్డు కాడ అయిపోయింది. ఈ బురద మా మామ రాసిచ్చిన ఆస్తి కాదు.”

అమ్మ చీర ఎత్తుకొని దిగింది. పడవలో కూర్చొని, మూడు రోజుల తరువాత అన్నం కలుపుకొని తిన్నది. మా అత్త ఎదురుగా కూర్చొని వడ్డిస్తూ, ఇంట్లో మాకెవరికీ వడ్డించని మాగాయ ముక్క కూడా కొంగులో నుంచి తీసి పెట్టింది. నేను ఇంట్లో మిగిలింది తెచ్చుకొని, ఒడ్డునే కూర్చొని రెండు కంచాల అన్నం తిన్నాను. ఆచారం తప్పిందో నిలిచిందో చెప్పడానికి నేనెవరిని, ఆ వేళ మాత్రం ఎవరికీ కీడు జరగలేదు.

ఆనాటి నుంచి రోజూ పూటపూటా అదే. ఎండ ముదిరే కొద్దీ మా ఆయన పడవ మీద తాటాకులు పరిచి నీడ కట్టాడు. మొదట వడ్డించి వచ్చేసే అత్త, తరువాత తానూ అక్కడే తినసాగింది. ఒకే బుట్ట, ఒకే నడక, రెండుసార్లు కాళ్ళు కడుక్కోవడం దండగని ఆమె చెప్పిన కారణం. వేసవి కదా, నీళ్ళు లేనప్పుడే పడవకు తారు పూయాలి, మామ తారు డబ్బా పట్టుకొని ఒడ్డున పచార్లు చేస్తూ, వియ్యపురాళ్ళిద్దరూ ఎప్పుడు లేస్తారా అని చూసేవాడు. వాళ్ళు లేచేవారు కారు. వరిలో కలుపు గురించి అమ్మ, చేపలకు ఉప్పు పట్టించడం గురించి అత్త, తమ తమ అత్తల గురించి ఇద్దరూ, గంటలు గంటలు. ఎండుచేప వాసన పడని మా అమ్మ, ఆ పడవలోనే ఎండుచేపా వంకాయా కూర తినడం నేర్చుకొని, పోయేదాకా వదల్లేదు. తాను కూర్చున్న చోటు నుంచి రోజూ బురదను చూసేది. మొదట నల్లగా మెరిసేది, తరువాత బూడిద రంగుకు తిరిగింది, ఉగాది దాటాక పైన ఉప్పు పేరుకొని తెల్లగా పొక్కులు లేచింది, చివరకు పలకలు పలకలుగా పగిలింది. పొలం పదును చూసిన కన్నే కదా, నేను చూపించకముందే ఒకనాడు కాలు మోపి నొక్కి, ఇంక నేల బండిని మోస్తుందని నాచేత మామకు చెప్పించింది. మామ గెడ తెచ్చి పొడిచి చూసి, ఇంకో వారం అన్నాడు. వారం తరువాతే కట్టారు. పొలానికీ ఉప్పునేలకూ ఆ మాత్రం తేడా ఉంది.

తొమ్మిదో నెలలో, వైశాఖంలో, ఎండ పుట్టకముందే బయలుదేరాము. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి మా అత్తే నన్ను కూర్చోబెట్టింది. ఆ తెల్లని నేల మీద చక్రాల జాడ ఒక్కటే గీత గీసినట్టు వెనక నిలిచింది, ఉప్పు మీద వెలుతురు పడి కళ్ళు తెరవనివ్వలేదు. అత్త ఆ పడవ దాకా వచ్చి ఆగిపోయింది. రోహిణి కార్తె నిప్పులు చెరుగుతుండగా బుచ్చిరెడ్డిపాలెం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని నాలుగో తరగతి అక్షరాలతో నేనే కార్డు రాశాను.

ఇక అమ్మకు మా ఇంట్లో తినడానికి ఏ అడ్డూ లేకపోయింది. ఆ తరువాత కొన్నేళ్ళు ఆమె వచ్చేది, మా వంటింట్లో పీట వేసుకొని తినేది. శివరాత్రి దాటాక వచ్చేది ఎక్కువసార్లు. అన్నిసార్లూ పొరపాటున కాదేమోనని నాకు అనుమానం, అడగలేదు. వచ్చిందంటే నేల గట్టిపడేదాకా ఉండేది, ఆమెను పంపించమని నాయన కార్డులు రాసేవాడు, ఎట్లా పంపించేదని మా అత్త ఖుషీగా జవాబు రాయించేది.

అరవైల చివర్లో సరస్సుకు అడ్డంగా కట్ట పోసి రోడ్డు వేశారు. మంచిదే. రోడ్డు చెడ్డదని అనేవాళ్ళు పురుటి నొప్పులతో బురద ఒడ్డున ఎన్నడూ కూర్చుని ఎరగనివాళ్ళు. నా మూడో కానుపుకు జీపులో పోయాను; తుఫాను వచ్చినా బియ్యం వచ్చాయి, డాక్టరు వచ్చాడు, పిల్లలు పడమటి గట్టు హైస్కూలుకు పోయారు. పడవను అమ్మేశాము, బండి చక్రాలు చాలా ఏళ్ళు పెరట్లో పడి ఉన్నాయి. అమ్మ కూడా బస్సులో రావడం మొదలుపెట్టింది. ఏ నెలలో అయినా, పొద్దున వచ్చేది. మధ్యాహ్నం భోజనం చేసి, ఇంటి దగ్గర గేదెలున్నాయనీ, నాయనకు పథ్యమనీ, మనవలకు బడి అనీ, సాయంత్రం బస్సుకు లేచేది. ఆ పనులన్నీ అంతకుముందూ ఉన్నవే. అప్పుడు ఎవరో ఒకరు చూసుకునేవారు, నీళ్ళు పోనివ్వలేదంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు.

మా అత్త బస్సు దాకా వచ్చి సంచీ అందించేది. ఒకసారి, ఫాల్గుణంలోనే, రోడ్డుకు రెండు వైపులా బురద నల్లగా మెరుస్తుండగా, అమ్మ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, అత్త కింద నుంచి, “రోడ్డు లేకుంటే నెల్లాళ్ళు ఉండేదానివి వదినా” అన్నది. అమ్మ నవ్వింది, బస్సు కదిలింది. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. వృథాగా ఏదీ పోనివ్వని దాన్ని నేను, మిగిలిన అన్నం మెతుకు కూడా ఎండబెట్టి దాచేదాన్ని. పెళ్ళయ్యాక మా అమ్మతో నెలల తరబడి గడపగలిగింది మాత్రం, ఎవరికీ ఏ పనికీ రాదని అందరూ తిట్టుకున్న ఆ కాలంలోనే.